తోలు బ్యాగు చేయించుకునే ముందు: ఏ తోలు, ఏ కుట్టు, ఎవరికి ఏది

మా పిన్ని కొడుకు వరంగల్‌లో లాయరు. ప్రాక్టీసు పెట్టి మూడేళ్లయింది. మొన్న ఫోన్ చేసి, "అన్నా, చేత్తో కుట్టిన తోలు బ్యాగు ఒకటి చేయించుకుందామనుకుంటున్నా. నెట్‌లో చూస్తే తల తిరుగుతోంది. ఒకరు వెజిటబుల్ ట్యాన్ అంటారు, ఒకరు క్రోమ్ అంటారు, ఇంకొకరు ఫుల్ గ్రెయిన్ అంటారు. ఏది తీసుకోమంటావు?" అని అడిగాడు. పదేళ్లుగా సెలవు రోజుల్లో ఇంట్లో బ్యాగులు కుడుతున్నాను కాబట్టి నన్ను అడిగాడు. ఫోన్‌లో చెప్పింది సగమే. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నేను వాణ్ణి ముందు మూడు సంగతులు అడిగాను. రోజూ ఎంత బరువు మోస్తావు? బైకు మీద వెళ్తావా, కారులోనా? వానలో తడుస్తుందా? ఐదారు కిలోలు, బైకు, తడుస్తుంది అన్నాడు. ఈ మూడింటిలో ఏ ఒక్క జవాబు మారినా నా సలహా మారేది. అందుకే "బెస్ట్ లెదర్ ఏది" అనే ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఎవరికి, ఏ పనికి అన్నది తెలిస్తే ఉంటుంది.

ముందే పక్కన పెట్టాల్సినవి

లేబుల్ మీద "జెన్యూన్ లెదర్" అని ఉంటే మంచి తోలు అనుకుంటాం. ఆ మాటకు అర్థం అందులో తోలు ఉందని మాత్రమే. తోలును అడ్డంగా పొరలుగా చీల్చినప్పుడు పైపొర ఒకటి, కింది పొర ఒకటి వస్తాయి. బలమంతా పైపొరలో ఉంటుంది, ఎందుకంటే పీచు దట్టంగా అల్లుకుని ఉండేది అక్కడే. కింది పొర మీద ప్లాస్టిక్ పూత వేసి, గీతలు అచ్చు గుద్ది అమ్మినా దాన్ని జెన్యూన్ అనే అంటారు. ఫుల్ గ్రెయిన్ అంటే పైపొరను గీకకుండా, మచ్చలూ గీతలూ అలాగే ఉంచింది. కాబట్టి బ్యాగు మీద దోమకాటు మచ్చో, ముడతో కనిపిస్తే కంగారు పడకండి. మొత్తం ఒకే తీరుగా, అద్దంలా ఉన్నదాన్నే అనుమానించాలి.

నా మొదటి ఆఫీసు బ్యాగు ఒక పెద్ద షాపులో కొన్నాను. రెండు వానాకాలాలు గడిచేసరికి మూత మీద పొరలు పొరలుగా రాలడం మొదలైంది. షర్టుకు నల్లగా అంటేది. అది తోలు కాదు, పీయూ (పాలీయురితేన్ అనే ప్లాస్టిక్) పూత. తేమకూ వేడికీ ఆ పూత రసాయనికంగా విరిగిపోతుంది, వాడినా వాడకపోయినా. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఇంకా తొందరగా పోతుంది. పశువుల తోలు వద్దనుకునేవాళ్లు కూడా "వీగన్ లెదర్" పేరుతో దొరికే పీయూ జోలికి పోకుండా మందపాటి కాన్వాస్ బ్యాగు తీసుకోవడం మంచిది. కాన్వాస్ చిరిగితే మాసిక వేయొచ్చు, పీయూ రాలితే చేసేదేమీ లేదు.

ఆవు తోలా, గేదె తోలా అన్నది ఇంకొందరికి పట్టింపు. మొహమాటం లేకుండా అడగండి, తెలిసిన పనివాళ్లు చెబుతారు. గేదె తోలు పైపొర కాస్త ముతకగా ఉంటుంది, మందంగా దొరుకుతుంది, బ్యాగులకు బాగా పనికొస్తుంది.

చెట్టు బెరడా, క్రోమా

అసలు తేడా అంతా ఇక్కడే ఉంది. పచ్చితోలు కుళ్లకుండా పదును చేసే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి బెరడుతో, రెండోది క్రోమియం లవణంతో.

బెరడు పద్ధతిని ఇంగ్లిషులో వెజిటబుల్ ట్యానింగ్ అంటున్నాం గానీ ఇది మనకు కొత్త కాదు. మన పల్లెల్లో మాదిగవాడల్లో లందలు ఉండేవి. తుమ్మ చెక్క, తంగేడు చెక్క వేసిన నీళ్లలో తోళ్లు రోజుల తరబడి ఆ లందల్లో నానేవి. ఆ పని చేసినవాళ్లను ఊరు దూరంగా పెట్టింది, వాళ్లు చేసిన చెప్పులూ మోట తోళ్లూ మాత్రం అన్ని ఇళ్లలోకీ వెళ్లాయి. ఇవాళ "హెరిటేజ్ లెదర్" అని ఖరీదు కట్టి అమ్ముతున్న విద్య ఆ చేతులదే. తమిళనాడులో తిరుచ్చి, దిండిగల్ వైపు ఇంకా ఈ పద్ధతిలో చేసే తోలును ఈస్ట్ ఇండియా లెదర్, పొట్టిగా ఈఐ లెదర్ అంటారు. దానికి జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే గుర్తింపు కూడా ఉంది. అందులో పాతకాలం నుంచీ వాడిన బెరడు మన తంగేడుదే, బతుకమ్మలో పేర్చే తంగేడు. చివర్లో కరక్కాయ పెడతారు. ఇంగ్లండులో డెవన్ ప్రాంతంలోని కోలిటన్ అనే ఊళ్లో ఓక్ చెట్టు బెరడుతో ఇదే పని చేస్తారు. అక్కడ మందపాటి తోలు తయారవడానికి ఏడాదికి పైగా పడుతుంది.

ఇలా చేసిన తోలు గట్టిగా ఉంటుంది, పెట్టిన ఆకారం నిలబెట్టుకుంటుంది. కోసిన అంచును నీళ్లతో తడిపి చెక్కతో గట్టిగా రుద్దితే పాలిష్ పెట్టిన టేకు అంచులా మెరుస్తుంది. ఎండకూ చేతి చెమటకూ రంగు ముదురుతుంది. కొత్తలో లేత బిస్కెట్ రంగులో ఉన్న నా బ్యాగు నాలుగేళ్లకు చింతగింజ రంగుకు వచ్చింది. హ్యాండిల్ పట్టుకునే చోట ఇంకా ముదురు. ఆ రంగు కొత్త బ్యాగు మీద దొరకదు.

కష్టమూ ఉంది. వాన చుక్కలు పడితే మచ్చలు నిలుస్తాయి. అలాంటప్పుడు మచ్చ ఒక్కటే తుడవకుండా ఆ పక్క మొత్తాన్ని తడిగుడ్డతో సమంగా తడిపి నీడలో ఆరబెట్టాలి. ఇనుముతో ఇంకో పేచీ. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు గుడ్డను కరక్కాయలో నానబెట్టి, ఇనుప తుక్కునూ బెల్లాన్నీ పులియబెట్టిన నీళ్లతో గీస్తే చిక్కటి నలుపు వస్తుంది కదా. బెరడు తోలులోనూ అదే గుణం ఉంది. తడిసిన తోలు మీద ఇనుప రివెట్టో, తాళంచెవో ఆనితే అక్కడ నల్లమచ్చ పడుతుంది, మళ్లీ పోదు. అందుకే ఈ తోలుకు ఇత్తడి సామానే వేయించాలి. ఇత్తడి పూత పూసిన ఇనుము కూడా వద్దు. పూత లేచిపోయిన రోజు మచ్చ మొదలవుతుంది. షాపుకు వెళ్లేటప్పుడు చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి, బకిల్‌కు అంటుకుంటే ఇనుమే.

క్రోమ్ తోలు సంగతి వేరు. వారాల పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది, తోలు మెత్తగా వస్తుంది, నీళ్లకూ వేడికీ బాగా ఆగుతుంది. దీన్ని తక్కువ రకం అనుకునేవాళ్లకు నేను ఒక పాత సంగతి చెబుతుంటాను. మద్రాసులో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ అనే ఇంజనీరు 1903 ప్రాంతంలో క్రోమ్ పద్ధతిని మొదలుపెట్టినప్పుడు అది ముందు ఉపయోగపడింది బ్యాగులకు కాదు, బావుల్లో నీళ్లు తోడే మోట తోళ్లకు. బెరడు తోలు రోజూ నీళ్లలో మునిగి తొందరగా చివికిపోయేది. క్రోమ్ తోలు తట్టుకుంది. తడవడమే పనిగా ఉన్నచోట ఏది నిలుస్తుందో రైతుకు అప్పుడే తెలిసింది.

క్రోమ్‌లో నాకు నచ్చనిది అంచు. ఎంత రుద్దినా మెరవదు. అంచుకు రంగు పూయాలి, లేదా లోపలికి మడిచి కుట్టాలి. పూసిన రంగు కొన్నేళ్లకు మూలల్లో పగులుతుంది. మెత్తన కాబట్టి లోపల అట్టో, లైనింగో లేకపోతే బ్యాగు కూలబడుతుంది. బెరడు తోలు బ్యాగుకు మాత్రం లైనింగ్ వద్దనే చెబుతాను. ఏ బ్యాగులోనైనా ముందు చిరిగేది లైనింగే.

రెండింటినీ గుర్తుపట్టడం కష్టం కాదు. రంగు పూయని అంచు ఎక్కడైనా ఉంటే చూడండి. మధ్యలో నీలం, బూడిద రంగు ఛాయ కనిపిస్తే చాలావరకు క్రోమ్, గోధుమ రంగు ఉంటే బెరడు. అంచంతా రంగు పూసి ఉంటే లోపలి జేబు వెనకో, పట్టీ రంధ్రంలోనో చూడాలి.

పర్యావరణం దృష్ట్యా బెరడు తోలే మేలని చాలామంది ఖాయంగా అనేస్తారు. క్రోమ్ మురుగు చేసిన హాని పెద్దదే. పాత ఉత్తర ఆర్కాటు జిల్లాలో తోళ్లు పదును చేసే టానరీల వల్ల పాడైన నీళ్ల మీద వెల్లూరు పౌరులు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు అందుకే అంత ముఖ్యమైంది. కానీ బెరడు తోలు మురుగులోనూ ఉప్పు, కుళ్లే పదార్థం తక్కువేమీ ఉండవు. ఏ తోలైనా మురుగును శుద్ధి చేసే టానరీదా కాదా అన్నదే చూడాలి.

కుట్టు: రెండు సూదులు, ఒకే దారం

తోలు తర్వాత కుట్టు. చేతికుట్టు అంటే మామూలు సూదీదారం కుట్టు కాదు. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కిస్తారు. ముందు ముళ్ల ఇనుముతో వరసగా గుర్తులు కొట్టి, ఆరెతో (చెప్పులు కుట్టేవాళ్లు వాడే మొనదేలిన పనిముట్టు) రంధ్రం పొడుస్తారు. ఆ ఒక్క రంధ్రంలోంచి రెండు సూదులూ ఎదురెదురుగా దాటాలి. రెండోది దాటేటప్పుడు మొదటి దారాన్ని గుచ్చకూడదు, గుచ్చితే బిగువు రాదు. రెండు చేతులతో ఒకేసారి లాగితే మైనం రాసిన దారం తోలులోకి దిగుతున్నట్టు వేలికి తెలుస్తుంది. ప్రతిసారీ అదే సూది ముందు, అదే సూది పైన. ఒక్కసారి తప్పితే ఆ కుట్టు వాలు మారి వరసలో వంకర పన్నులా కనిపిస్తుంది. దీన్నే జీను కుట్టు, శాడిల్ స్టిచ్ అంటారు. గుర్రపు జీన్లు కుట్టినవాళ్ల విద్య. ఇంగ్లండులో జీన్లకు పేరుపడ్డ వాల్సాల్ ఊరి ఫుట్‌బాల్ జట్టును ఇప్పటికీ సాడ్లర్స్ అనే పిలుస్తారు. గుర్రాలు పోయి కార్లు వచ్చాక అక్కడి చేతులు బ్యాగులకూ పర్సులకూ మళ్లాయి. మనకు కాన్పూరు అలాంటి ఊరు, దాని జీన్ల పనికీ జీఐ గుర్తింపు ఉంది.

మిషన్ కుట్టులో పైదారం ఒకటి, కింద బాబిన్ దారం ఒకటి. రెండూ తోలు మధ్యలో మెలిక పడతాయి. ఒకచోట దారం తెగితే పక్క మెలికలు ఒక్కొక్కటే వదులవుతాయి. జీను కుట్టులో ఒక పోగు తెగినా రెండో పోగు అదే రంధ్రంలో పట్టుకుని ఉంటుంది. తెగిన చోట మాత్రం మళ్లీ కుట్టుకుంటే సరిపోతుంది.

మరి అంతా చేతికుట్టే కావాలా? లెక్క చూడండి. మామూలు మూత బ్రీఫ్‌కేస్‌లో నా కొలత ప్రకారం 150 అంగుళాల దాకా కుట్టు పడుతుంది. అంగుళానికి 7 కుట్లు అనుకుంటే వెయ్యి దాటుతాయి. దారం కుట్టు పొడవుకు నాలుగింతలు కావాలి, అంటే 15 మీటర్లు. జానెడు కుట్టుకు నాకు అరగంట పడుతుంది. ఉత్త కుట్టుకే ఎనిమిది తొమ్మిది గంటలు, కోత, అంచులు, రంధ్రాలు వేరే. చేతికుట్టు బ్యాగు ధరలో పెద్ద భాగం ఈ గంటలదే. అందుకే "మొత్తం చేతికుట్టు" అని చెప్పి మిషన్ బ్యాగు ధరకే ఇస్తామంటే నేను నమ్మను. ఆ గంటల డబ్బు ఎవరికో ఎగ్గొడుతున్నట్టే.

డబ్బు పరిమితంగా ఉంటే నేను చెప్పే దారి ఒకటి ఉంది. జేబులు, జిప్పు, లైనింగ్, ఒకటిన్నర మిల్లీమీటర్ల లోపు తోలు ఉన్న చోట్లు మిషన్‌కు వదిలేయండి. మంచి మిషన్ కుట్టులో తప్పేం లేదు. హ్యాండిల్ మొదళ్లు, భుజం పట్టీ కొసలు, పక్క పట్టీ కింది మూలలు, ఈ మూడు చోట్లా చేతికుట్టు పట్టుబట్టండి. బరువు పడేది అక్కడే. నేను బాగుచేసిన బ్యాగుల్లో దాదాపు అన్నీ ఈ మూడింట్లో ఒకచోట తెగినవే. ఒక దాంట్లో సన్నటి తోలుకు ఉత్త రివెట్టు కొట్టి హ్యాండిల్ తగిలించారు, వెనక దన్నుగా ముక్క కూడా వేయలేదు. రివెట్టు బాగానే ఉంది, దాని చుట్టూ తోలు గుండ్రంగా చిరిగి చేతికొచ్చింది.

ఇది నిజంగా చేతికుట్టేనా అని ఎలా తెలుస్తుంది? రెండు వైపులా చూడండి. చేతికుట్టులో ముందు వైపు వాలు స్పష్టంగా ఉంటుంది, వెనక వైపు కూడా కొంచెం వాలుతుంది. కుట్టు ముగిసేచోట రెండు మూడు కుట్లు వెనక్కి వచ్చి దారం జంటగా లావుగా కనిపిస్తుంది. దారం విషయానికొస్తే పాత పద్ధతి మైనం పట్టించిన నారదారం. అందంగా ఉంటుంది. కానీ ఏడాది పొడుగునా ఉక్కగా ఉండే కోస్తాలో అది తేమకు చివికే భయం ఉంటుంది. అక్కడివాళ్లు మైనం పూసిన పాలిస్టర్ దారమే తీసుకోండి. 0.8 మిల్లీమీటర్ల దారం బ్యాగుకు చాలు.

అసలు కుట్టే లేని బ్యాగులూ ఉన్నాయి. రాజస్థాన్‌లో అజ్మీర్ దగ్గరి జవాజా చేతివృత్తులవాళ్లు తోలు పట్టీలతోనే ముక్కల్ని అల్లి కలుపుతారు. 1970లలో ఐఐఎం అహ్మదాబాద్‌కు చెందిన రవి మత్తాయ్, డిజైన్ విద్యాసంస్థ ఎన్ఐడీ వాళ్లు అక్కడివాళ్లతో కలిసి మొదలుపెట్టిన పని అది. పుస్తకాలు, బట్టలు వేసుకునే భుజం సంచికి చాలా బాగుంటుంది. లాప్‌టాప్, ఫైళ్లు నిలువుగా నిలబడాలంటే మాత్రం కుట్టిన బ్యాగే కావాలి. కొందరు మన నిమ్మలకుంట తోలుబొమ్మల తోలుతో బ్యాగు కుట్టొచ్చా అని అడుగుతారు. కుట్టలేం. అది వెలుగు దూరేలా పల్చగా ఆరబెట్టిన తోలు, బొమ్మలకూ దీపపు తెరలకూ చక్కగా పనికొస్తుంది. మడిస్తే విరుగుతుంది.

బరువు ముందే లెక్కకట్టుకోండి

ఫొటోల్లో కనపడనిది బరువు. తోలు ఒక చదరపు అడుగు, ఒక మిల్లీమీటరు మందం ఉంటే సుమారు 70 గ్రాములు తూగుతుంది. కోత పోను బ్రీఫ్‌కేస్‌లో 8 చదరపు అడుగుల తోలు ఉందనుకుందాం. ఇంగ్లిషు తరహాలో 3.5 మిల్లీమీటర్ల జీను తోలైతే ఖాళీ బ్యాగే 2 కిలోలు, ఇత్తడి సామాను అదనం. అదే 2 మిల్లీమీటర్లైతే కిలో చిల్లర. కారులో పక్క సీట్లో పెట్టుకునేవాళ్లకు ఆ కిలో తేడా తెలీదు. మెట్రో దిగి పది నిమిషాలు నడిచేవాళ్లకు భుజం చెబుతుంది. కాబట్టి "మందం ఎంత ఉంటే అంత మంచిది" అన్న సలహా వినకండి. బ్యాగు ఒంటికి 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు, హ్యాండిల్ పట్టీలకు 3.5 అన్నది చాలామందికి సరిపోయే కొలత.

పట్టీలు ఏ భాగం నుంచి కోశారో కూడా అడగండి. వీపు భాగం సాగదు. పొట్ట భాగం చవక, కానీ సాగుతుంది. పొట్ట తోలుతో కోసిన భుజం పట్టీ ఆరు నెలలకే రెండు వేళ్ల పొడవు పెరగడం చూశాను.

ఎవరికి ఏది

రిటైరైన నాన్నకు, మేష్టారికి, ఏసీ గదిలో పనిచేసేవాళ్లకు కానుక అయితే బెరడు తోలు, పూర్తి చేతికుట్టు, లైనింగ్ లేకుండా, ఇత్తడి బకిళ్లతో మూత బ్యాగు. ఏళ్లు గడిచేకొద్దీ అందం వచ్చేది ఇదే.

లాప్‌టాప్ ముఖ్యమైతే జిప్పు బ్యాగు, క్రోమ్ తోలు, లోపల మెత్త. ఒక జాగ్రత్త: 15.6 అంగుళాలు అంటే తెర మూల నుంచి మూలకు. లాప్‌టాప్ వెడల్పు కొలిచి చెప్పండి.

పెట్టె లాంటి గట్టి బ్రీఫ్‌కేస్ మీద చాలామందికి మోజు. చూడముచ్చటగా ఉంటుంది, నిజమే. కానీ అందులో పట్టేది పెట్టె పరిమాణమే, ఒక కట్ట ఎక్కువైతే మూత పడదు. రోజువారీ వాడకానికి పక్కలు విచ్చుకునే మూత బ్యాగే నా ఓటు.

సొంతంగా కుట్టుకోవాలన్నవాళ్లకు సంతోషంగా రమ్మంటాను, కానీ బ్రీఫ్‌కేస్‌తో మొదలుపెట్టకండి. కార్డుల పర్సు ఒకటి, బెల్టు ఒకటి, చిన్న జిప్పు లేని సంచి ఒకటి, ఆ తర్వాత బ్యాగు. రెండు సూదులు, ఆరె, పదునైన రంపె (తోలు కోసే కత్తి), ముళ్ల ఇనుము, గూటం, మైనం ఉంటే చాలు. ఆరె పట్టడం, రంపె సానపట్టడం నేను మా ఊళ్లో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర నేర్చుకున్నాను. వీడియోలు చూసి ఆరు నెలలు వంకరగా కుట్టిన నా చేతిని ఆయన ఒక్క పూటలో సరిచేశాడు. రంధ్రం పొడిచేటప్పుడు మోచెయ్యి పక్కకు ఆనించమన్నాడు, అంతే. తోలు కోసం చెన్నై పెరియమేట వెళ్తే చేత్తో పట్టి చూసి, చదరపు అడుగుల లెక్కన కొనొచ్చు. మొదటిసారి కొలతకు మించి పావు వంతు ఎక్కువే తీసుకోండి.

చేయించుకున్నా, కుట్టుకున్నా సంరక్షణ ఒకటే. బ్యాగును ప్లాస్టిక్ కవర్లో దాచకండి, బూజు పడుతుంది. పాత నూలు దిండుగలీబులో పెట్టండి. బూజు వస్తే పొడిగుడ్డతో తుడిచి గాలికి పెట్టండి, ఎండలో కాదు. ఏడాదికి రెండుసార్లు తోలు క్రీమ్ కొద్దిగా. కొబ్బరినూనె రాయకండి, తోలు మచ్చలు మచ్చలుగా నల్లబడి కొన్నాళ్లకు కమురు వాసన పడుతుంది.

ఇక మా తమ్ముడి సంగతి. బైకు, వాన, ఐదారు కిలోల కాగితాలు. బ్యాగు ఒళ్లంతా నూనె, మైనం పట్టించిన 2 మిల్లీమీటర్ల క్రోమ్ గేదె తోలు, హ్యాండిల్, పట్టీలు వీపు భాగం నుంచి కోసిన బెరడు తోలు, ఒంటికి మిషన్ కుట్టు, బరువు పడే మూడు చోట్లా చేతికుట్టు, ఇత్తడి బకిళ్లు. ఇది చెప్పాను. "అన్నా, సైజు ఎంత?" అన్నాడు. నీ ఫైళ్లలో అన్నిటికన్నా పొడుగుది తీసి కొలువు అన్నాను. ఇప్పుడు చాలావరకు ఏ4 కాగితమే, 11.7 అంగుళాలు. కానీ పాత కేసు కట్టల్లో లీగల్ కాగితం 14 అంగుళాలు ఉంటుంది. వాడు లైన్‌లో ఉండగానే టేపు తెచ్చి కొలిచాడు. అట్టతో కలిపి పద్నాలుగున్నర వచ్చింది. లోపలి వెడల్పు పదిహేనున్నర పెట్టమని చీటీ మీద రాయించాను.